పాత గిటార్‌కు కొత్త గిరాకీ

ఎలక్ట్రిక్ గిటార్ల వంశంలో పెద్దక్క ల్యాప్ స్టీల్. తమ్ముళ్లు లక్షలు పలుకుతున్నా ఇది మాత్రం ఇంకా మధ్యతరగతికి అందుబాటులోనే ఉంది. ఆ చౌకే దానికి ముప్పుగానూ మారింది.

లాస్‌ఏంజిలిస్‌లోని ఓ చిన్న కంపెనీ 1932లో ఒక వింత వాద్యాన్ని మార్కెట్లోకి తెచ్చింది. గుండ్రటి చిన్న పళ్లెం, దానికి పొడవాటి కాడ, మొత్తం పోత పోసిన అల్యూమినియం. చూడటానికి అచ్చం వంటింటి పెనమే. అందుకే దానికి 'ఫ్రయింగ్ పాన్' అనే పేరు స్థిరపడింది. వ్యాపారపరంగా నిలదొక్కుకున్న మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటార్ అదే. అయితే అది భుజాన పట్టీతో వేలాడేసుకుని వాయించే గిటార్ కాదు. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమచేతిలో పట్టుకున్న ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించే ల్యాప్ స్టీల్.

ఆ తర్వాత పుట్టిన తమ్ముళ్లకే పేరొచ్చింది, ధరా వచ్చింది. 1950లలో ఫెండర్ కంపెనీ చేసిన స్ట్రాటోకాస్టర్ గిటార్ మంచి స్థితిలో ఉంటే ఇవాళ పదుల వేల డాలర్లు పలుకుతుంది. అదే కంపెనీ అదే దశాబ్దంలో తయారుచేసిన మామూలు రకం ల్యాప్ స్టీల్ మాత్రం కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి పైచిలుకు డాలర్లకు దొరుకుతుంది. డెబ్బై ఏళ్లు పైబడిన అసలు సిసలు పాత వాద్యం, చరిత్ర ఉన్న వాద్యం, సామాన్యుడు అప్పు చేయకుండా కొనగలిగే వాద్యం బహుశా ఇదొక్కటే. అయితే ఏది కొనాలో, ఏది వదిలేయాలో తెలిసి ఉండాలి.

గోటువాద్యానికి దూరపు చుట్టం

తెలుగువారికి ఈ వాదన పద్ధతి కొత్తేమీ కాదు. మెట్లు లేని వీణపై నున్నటి కట్టెనో మరొక గుండ్రాయినో జార్చి వాయించే గోటువాద్యం కచేరీల్లో విన్నదే. దాన్నే చిత్రవీణ అంటున్నారు. హవాయి దీవుల్లో అలాంటి పద్ధతే గిటార్‌పై విడిగా రూపుదిద్దుకుంది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు బడిలో చదువుకునే రోజుల్లోనే గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని లోహపు ముక్కతో వాయించడం మొదలుపెట్టి, దాన్నొక పద్ధతిగా తీర్చిదిద్దాడని చెబుతారు. ఆ ఘనతకు మరో హక్కుదారు కూడా ఉన్నాడు. భారతదేశంలో పుట్టి, ఓడ ఎక్కి హవాయి చేరిన గేబ్రియల్ డేవియన్ అంతకు ముందే అలా వాయించాడన్న కథ ఒకటి అక్కడ ప్రచారంలో ఉంది. ఎవరు ముందన్నది తేలే విషయం కాదు. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది మాత్రం కెకుకూయే. 1904లో ఆయన అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లి జీవితాంతం వాయిస్తూ, నేర్పుతూ గడిపాడు.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ అంతర్జాతీయ ప్రదర్శనలో హవాయి సంగీతం విన్న అమెరికన్లు దానికి దాసోహమయ్యారు. గ్రామఫోన్ రికార్డులు వెల్లువెత్తాయి. ఆ మోజులోంచే పాత వాద్యాల్లో మొదటి తరం పుట్టింది. లాస్‌ఏంజిలిస్‌లో హెర్మన్ వైసెన్‌బోర్న్ 1920లలో హవాయి కోవా చెక్కతో గిటార్లు చేశాడు. వాటి మెడ కూడా లోపల డొల్లగానే ఉంటుంది కాబట్టి నాదం మెడ పొడవునా మోగుతుంది. 1927లో నేషనల్ కంపెనీ లోహపు శరీరంలో పలుచటి అల్యూమినియం శంకువులు బిగించిన రెసొనేటర్ గిటార్‌ను తెచ్చింది. స్లొవాక్ వలస కుటుంబానికి చెందిన జాన్ డోప్యెరా దాని రూపశిల్పి. ఆ అన్నదమ్ములే తర్వాత విడిపోయి డోబ్రో గిటార్‌ను సృష్టించారు.

ఇవన్నీ ఒక్క సమస్యకు సమాధానాలు. పెద్ద బృందంలో, పెద్ద హాల్లో గిటార్ వినిపించేది కాదు. ఆ సమస్యను పూర్తిగా పరిష్కరించింది జార్జ్ బోషాంప్. ఆయన స్వయంగా వేదికల మీద హవాయి గిటార్ వాయించినవాడు. తీగల మీదుగా వంగిన రెండు గుర్రపు నాడా అయస్కాంతాలు, వాటి నడుమ సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్. ఉక్కు తీగ కంపిస్తే కాయిల్‌లో విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేసి వినిపిస్తుంది. ఇదీ సూత్రం. స్విట్జర్లాండ్‌లో పుట్టిన అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి బోషాంప్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. పేటెంట్ దరఖాస్తు 1934లో పెడితే మంజూరైంది 1937లో. అప్పటికే పోటీ కంపెనీలన్నీ తమ తమ ఎలక్ట్రిక్ గిటార్లతో రంగంలో దిగిపోయాయి. ఫ్రయింగ్ పాన్ అమ్మకానికొచ్చిన 1932లోనే కెకుకు కన్నుమూశాడు.

చౌక వెనుక కథ

ఇంత చరిత్ర ఉన్న వాద్యం ఎందుకు చౌక? కారణాలు మూడు. మొదటిది, వీటిలో అధిక భాగం విద్యార్థుల కోసం చేసినవి. 1930లు, 40లలో అమెరికాలో హవాయి గిటార్ పాఠాలు పెద్ద వ్యాపారం. క్లీవ్‌లాండ్‌లోని ఓహూ పబ్లిషింగ్ కంపెనీ లాంటి సంస్థలు పాఠాల పుస్తకాలతోపాటు గిటార్లనూ తమ పేరుతో అమ్మేవి. గిటార్, దానికి జోడీగా చిన్న ఆంప్లిఫయర్, రెండూ ఒకే సెట్టు. కొన్ని నెలలు నేర్చుకుని మానేసిన పిల్లల గిటార్లు పెట్టెల్లోకి, అటకల మీదికి చేరాయి. దశాబ్దాల తర్వాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అవే బయటపడుతున్నాయి. అందుకే సరకుకు ఇప్పటికీ కొరత లేదు.

రెండోది, ఫ్యాషన్ మారింది. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' పాటలో బడ్ ఐజాక్స్ పెడల్ స్టీల్ వాయించాడు. వాయిస్తుండగానే కాలితో పెడల్ నొక్కి తీగల శ్రుతి మార్చే ఆ వాద్యం ధ్వనికి కంట్రీ సంగీతకారులంతా మళ్లారు. మరోవైపు రాక్ ఎన్ రోల్ కుర్రకారు చేతికి మామూలు గిటార్‌నిచ్చింది. ల్యాప్ స్టీల్ తాతల కాలపు వస్తువైపోయింది.

మూడోది, మామూలు గిటార్ వచ్చినవాడు దీన్ని తీసుకుని వెంటనే వాయించలేడు. శ్రుతి వేరు, చేతి పట్టు వేరు. కడ్డీ మెట్టు గీత మీద వెంట్రుకవాసి అటూఇటూ అయినా అపశ్రుతే. ఆ కారణంగా కొనేవాళ్లు తక్కువ.

ఈ మూడింటికీ తోడు కొనుగోలుదారుకు కలిసొచ్చే విషయం మరొకటి ఉంది. మామూలు గిటార్ వాడేకొద్దీ అరుగుతుంది. వేళ్లు నొక్కినచోట ఫ్రెట్లు పల్లాలు పడతాయి, మెడ వంగుతుంది. వాటిని సరిచేయడానికి గిటార్ ధరలో సగం పెట్టాల్సి రావచ్చు. ల్యాప్ స్టీల్‌లో తీగ మెట్టును తాకదు. మెట్లన్నీ కేవలం గీతలే. మొద్దులాంటి మెడ సాధారణంగా వంగదు. 1948 నాటి ల్యాప్ స్టీల్‌కు కొత్త తీగలు వేస్తే ఆ సాయంత్రమే వాయించుకోవచ్చు.

గుండె కోసం గాలం

చౌకగా దొరకడమే ఇప్పుడు దీని ప్రాణం మీదికి తెచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్‌కు గుండె పికప్. మిగతా శరీరం కంటే పికప్పే ఎక్కువ విలువ చేసే పరిస్థితి వస్తే వాద్యాన్ని విప్పి, అవయవాలుగా అమ్ముకోవడం లాభసాటి అవుతుంది. ల్యాప్ స్టీళ్ల విషయంలో అదే జరుగుతోంది.

ఉదాహరణకు షికాగోలోని వాల్కో కంపెనీ. సుప్రో, నేషనల్ పేర్లతోనూ, ఇతర కంపెనీల పేర్లతోనూ 1968లో మూతపడేదాకా వేలకొద్దీ వాద్యాలు చేసింది. దాని ల్యాప్ స్టీళ్లలో ఒక రకం పికప్‌ మధ్యలోంచే తీగలు దూరి వెళతాయి. ఆ మొరటు, మందపాటి ధ్వని గిటారిస్టు రై కూడర్‌కు నచ్చింది. వాల్కో ల్యాప్ స్టీల్ పికప్‌ను తన స్ట్రాటోకాస్టర్‌కు బిగించుకున్నాడు. అభిమానులు ఆ గిటార్‌కు 'కూడర్‌కాస్టర్' అని పేరు పెట్టి అనుకరించడం మొదలుపెట్టారు. పికప్‌ల కోసం పాత సుప్రోలను విప్పేయడం ఎక్కువైంది. ఈ కూడరే మన విశ్వమోహన్ భట్‌తో కలిసి చేసిన 'ఎ మీటింగ్ బై ద రివర్' ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అందుకున్నాడు. ఆ రికార్డులో భట్ చేతిలోని మోహన వీణ కూడా ఒళ్లో గిటార్ వంశానిదే.

గిబ్సన్ కథా ఇంతే. 1930ల మధ్యలో ఆ కంపెనీ తెచ్చిన ఇహెచ్-150 ల్యాప్ స్టీల్‌లోని కడ్డీ పికప్‌నే ఇఎస్-150 అనే మామూలు గిటార్‌లోనూ అమర్చారు. జాజ్ వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్ దాన్ని వాయించి అజరామరం చేయడంతో ఆ పికప్ ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. ఫెండర్ 1949లో తెచ్చిన ఛాంపియన్ ల్యాప్ స్టీల్ పికప్ నమూనాలోంచే ఆ మరుసటి ఏడాది బ్రాడ్‌కాస్టర్ గిటార్ పికప్ వచ్చింది. ఇవాళ మనం టెలికాస్టర్ అంటున్నది దాన్నే. అంటే లక్షల విలువ చేసే గిటార్ల ధ్వని, ఒరిజినల్ రూపంలో, కొన్ని వందల డాలర్ల ల్యాప్ స్టీల్‌లో దొరుకుతుంది. విప్పేవాళ్ల లెక్క అదే.

ఇక్కడే కొనేవాళ్ల బాధ్యత ఉంది. పికప్ పోయిన ల్యాప్ స్టీల్ తిరిగి వాద్యం కావడం అరుదు, చెక్కముక్కగా మిగిలిపోతుంది. వాయించడానికి కొనేవాళ్లు ఉన్నంతకాలమే అది వాద్యంగా బతుకుతుంది.

ఏది ఎవరికి?

ఆరంభకులకు 1940ల చివరి నుంచి 1950ల దాకా వచ్చిన విద్యార్థి రకాలు చాలు. సుప్రో, ఫెండర్ ఛాంపియన్, దాని తర్వాతి పేరైన ఛాంప్, గిబ్సన్ బిఆర్-9 లాంటివి. ముత్యపు చిప్పలా మెరిసే ప్లాస్టిక్ పూతతో ఉన్నవి ఎక్కువ కనిపిస్తాయి. ఆ పూతను అమెరికన్లు మరుగుదొడ్డి మూతతో పోల్చి వెక్కిరిస్తారు. ధ్వనికి దానితో సంబంధం లేదు.

ధ్వనికోసం ఎంతైనా పెడతామనేవాళ్ల కల వేరు. అది యుద్ధానికి ముందటి రికెన్‌బ్యాకర్. అల్యూమినియం ఫ్రయింగ్ పాన్ వేడికి వ్యాకోచించి శ్రుతి తప్పేది. దాంతో 1935లో బేకలైట్‌తో చేసిన మోడల్ వచ్చింది. స్టీల్ గిటార్ దిగ్గజం జెర్రీ బర్డ్ పేరు దానితోనే ముడిపడి ఉంది. 1942లో అమెరికా ప్రభుత్వం యుద్ధ అవసరాలకు లోహాలను మళ్లించడంతో వాద్యాల తయారీ ఆగిపోయింది. యుద్ధం తర్వాత మళ్లీ వచ్చిన రికెన్‌బ్యాకర్లలో అయస్కాంతం వెడల్పు అంగుళంన్నర నుంచి అంగుళంపావుకు తగ్గింది. చెవులు పండినవాళ్లు తేడా తెలుస్తుందంటారు. ధరలో మాత్రం తేడా అందరికీ తెలుస్తుంది. మంచి స్థితిలో ఉన్న యుద్ధ పూర్వపు రికెన్‌బ్యాకర్ వేల డాలర్లలో ఉంటుంది. అందువల్ల అమ్మే వ్యక్తి 'యుద్ధానికి ముందుది' అన్నప్పుడు ఒక స్కేలు పెట్టి కొలిచి ఫొటో పంపమని అడగడంలో తప్పులేదు.

కరెంటు వద్దు, చెక్క నాదమే కావాలంటే వైసెన్‌బోర్న్. డేవిడ్ లిండ్లీ, బెన్ హార్పర్ దానికి మళ్లీ ప్రాణం పోశారు. అసలైనవి వేల డాలర్లు పలుకుతాయి. అదే ఆకారంలో కొత్తగా తయారయ్యే గిటార్లు తక్కువ ధరకు చాలా దొరుకుతున్నాయి. ప్రకటనలో 'తరహా' అన్న చిన్న మాట కనిపిస్తే అది అసలుది కాదనే అర్థం. అసలుది కొనాలనుకుంటే మరో జాగ్రత్త. వందేళ్ల పల్చటి చెక్క తీగల లాగుడుకు పైకి ఉబ్బిందేమో, లోపలి బద్దీలు ఊడాయేమో, బ్రిడ్జి లేచిందేమో చూసుకోవాలి. ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్‌కు లేని జబ్బులన్నీ దీనికి ఉంటాయి.

తీగల సంఖ్య, పొడవు కూడా ముఖ్యమే. ఎనిమిది తీగలవి, రెండు మూడు మెడలున్నవి చూడ్డానికి ఘనంగా ఉంటాయి కానీ నేర్చుకునేవాళ్లకు ఆరు తీగలదే మేలు. నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు చాలా వాటిలో 22.5 అంగుళాలు. పొట్టి తీగ మీద కడ్డీని ఏటవాలుగా పెట్టి రెండు మూడు స్వరాలు కలిపి పలికించడం తేలిక. 25 అంగుళాల మోడల్‌లో స్వరస్థానాల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి శ్రుతి పట్టడం సులువు, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. గమకాలు పలికించాలనుకునే మన సంగీత విద్యార్థులకు పొడవైనదే నప్పుతుంది.

కలకత్తా దారి

ఈ వాద్యానికి మన దేశంలో సొంత చరిత్ర ఉంది. దాని రాజధాని కలకత్తా. 1930ల చివర్లో గార్నీ నిస్ తన అలోహా బాయ్స్ బృందంతో అక్కడ హవాయి పాటలు రికార్డు చేశాడు. సమోవాలో పుట్టి హవాయిలో పెరిగిన టౌ మో 1940లలో కుటుంబంతో సహా కలకత్తాలో ఉండి వాయించాడు, ఎందరికో నేర్పాడు. ఆ తర్వాత వాద్యం పూర్తిగా మనదైపోయింది. నజ్రుల్ ఇస్లాం కుమారుడు కాజీ అనిరుద్ధ, బటుక్ నంది, సునీల్ గంగూలీ బెంగాల్‌లో, వాన్ షిప్లీ, హజారా సింగ్ బొంబాయి సినీరంగంలో దాన్ని ఇంటింటికీ చేర్చారు. సినిమా పాటలను మాటల్లేకుండా గిటార్‌పై వాయించిన వారి రికార్డులు విన్న తరం ఇంకా ఉంది. వాళ్లకిది ల్యాప్ స్టీల్ కాదు, 'హవాయన్ గిటార్'.

జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్ భూషణ్ కాబ్రా దాన్ని శాస్త్రీయ సంగీత వేదిక ఎక్కించాడు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి చేసిన 1967 నాటి 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' ఆయన్ను దేశమంతటికీ పరిచయం చేసింది. గిబ్సన్ సూపర్ 400 అనే మామూలు గిటార్‌కే ఎత్తయిన నట్, శ్రుతి తీగ బిగించుకుని ఆయన వాయించేవాడు. ఆయన శిష్యుడు దేబాశీష్ భట్టాచార్య మరో అడుగు ముందుకేసి చతురంగి, గంధర్వి, ఆనంది అనే సొంత వాద్యాలనే రూపొందించుకున్నాడు.

కొనేవాళ్లకు ఈ చరిత్ర చెప్పే పాఠం ఒకటుంది. మన దేశంలో 'పాత హవాయన్ గిటార్' అని అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం నిజానికి మామూలు గిటార్లే. నట్ ఎత్తు పెంచి ఒళ్లో వాయించడానికి మార్చినవి. వాటితో నేర్చుకోవడానికి ఇబ్బందేమీ లేదు. కానీ అమెరికన్ ల్యాప్ స్టీల్ ధర పెట్టడం దండగ. మెడ పలుచగా, గుండ్రంగా ఉంటే అది మార్చిన గిటార్, నలుచదరంగా ఉంటే ఒళ్లో వాయించడానికే పుట్టినది. మార్చినవాటికి మెడ తట్టుకోలేనంత బిగువుగా తీగలు వేయకూడదు. కోల్‌కతా లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలోని వాద్యాల దుకాణాల వరస ఇలాంటివాటిని చూడటానికీ, బాగు చేయించడానికీ మంచి చోటు. ఓపిక ఉంటే పాత బెంగాలీ ఇళ్ల నుంచి వచ్చిన సరకూ తగులుతుంది.

అమెరికా నుంచి తెప్పించుకోవాలంటే లెక్క వేరు. వాడేసిన వస్తువుల దిగుమతికి మన విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలున్నాయి. కొరియర్‌లో తెప్పిస్తే సుంకం సంగతి అటుంచి, అసలు పార్శిలే కస్టమ్స్‌లో ఇరుక్కోవచ్చు. డబ్బు కట్టకముందే కస్టమ్స్ వ్యవహారాలు తెలిసినవాళ్లను అడగడం ఉత్తమం. ఫింగర్ బోర్డు బ్రెజిల్ రోజ్‌వుడ్‌దైతే మరో చిక్కు. ఆ చెక్క 1992 నుంచి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కింద అత్యంత కఠిన నిషేధ జాబితాలో ఉంది. తగిన పత్రాలు లేకుండా సరిహద్దు దాటించడం నేరం. పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. వాళ్లు వచ్చేటప్పుడు సామానుతో తెప్పించుకోవడం చాలామందికి తోచే దారి. ల్యాప్ స్టీల్ మూడడుగుల లోపే ఉంటుంది కాబట్టి అది సాధ్యమే. అప్పుడు కూడా బ్యాగేజీ నిబంధనలు, సుంకం వర్తిస్తాయి. బిల్లు దగ్గర ఉంచుకోవాలి. తీగలు కొంత వదులు చేసి, బిరడాల కింద మెత్తటి గుడ్డ పెట్టి సర్దాలి. బేకలైట్ వాద్యం కిందపడితే పింగాణీలా పగులుతుంది.

జోడీ ఆంప్లిఫయర్ కూడా వస్తోందని సంబరపడి దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే ప్రమాదం. అది 120 వోల్టులకు చేసినది, మన కరెంటు 230. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అంతకంటే పెద్ద ముప్పు, ఆ కాలపు ఆంప్లిఫయర్లకు ఎర్త్ లేని రెండు పిన్నుల తీగే ఉంటుంది. లోపల కెపాసిటర్ చెడితే కరెంటు గిటార్ తీగల దాకా రావచ్చు. వాల్వ్ రేడియోలు బాగుచేసిన అనుభవం ఉన్న మెకానిక్‌తో మూడు పిన్నుల తీగ వేయించి, పాత కెపాసిటర్లు మార్పించాకే దాన్ని వాడాలి. ప్లగ్గు తీసినా లోపల ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది కాబట్టి సొంతంగా మూత తెరవకూడదు. గిటార్‌కు మాత్రం ఈ బెడద లేదు. దానికి వేరే కరెంటు అక్కర్లేదు, ఏ కొత్త ఆంప్లిఫయర్‌కైనా తగిలించి వాయించుకోవచ్చు.

డబ్బు కట్టేముందు

* ధ్వని: ఒక్కో తీగను విడివిడిగా మీటి రికార్డు చేసి పంపమనండి. ఒక తీగ మరీ బలహీనంగా వినిపిస్తే కారణం అడగండి. గుర్రపు నాడా అయస్కాంతాలు కాలక్రమంలో శక్తి కోల్పోతాయి. నిపుణులు తిరిగి శక్తినివ్వగలరు.

* పికప్: మల్టీమీటర్‌తో కాయిల్ నిరోధం చూడమనండి. సాధారణంగా కొన్ని వేల ఓమ్‌లు చూపాలి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగిందన్నమాట. తిరిగి చుట్టించవచ్చు కానీ ఆ ఖర్చు ధరలో తగ్గించాలి.

* వయసు: లోపలి వాల్యూమ్ కంట్రోల్ వెనుక అంకెలుంటాయి. మొదటి మూడు తయారీదారు గుర్తు, తర్వాతివి సంవత్సరం, వారం. 137 49 32 అని ఉంటే 137 సిటిఎస్ కంపెనీ, 1949లో 32వ వారం. గిటార్ అంతకంటే పాతది కాజాలదు, కొత్తది కావచ్చు. కంట్రోల్‌ను ఎప్పుడైనా మార్చి ఉంటే ఈ లెక్క పనికిరాదు. టంకం పాతదేనా అన్నదీ చూడాలి.

* కొలత: నట్ నుంచి 12వ గీతకు ఉన్న దూరం, అక్కడి నుంచి బ్రిడ్జికి ఉన్న దూరం సమానంగా ఉండాలి. తేడా ఉంటే బ్రిడ్జి కదిలిందో, మార్చారో అయి ఉండాలి.

* తీగల ఎత్తు: అన్ని తీగలూ ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే కడ్డీ కింద ఏదో ఒక తీగ జరజరమంటుంది.

* బిరడాలు: ప్లాస్టిక్ తలలు ముట్టుకుంటే పొడిగా రాలడం పాతవాటిలో మామూలే. తలలు మార్చవచ్చు, పళ్లు అరిగితే కష్టం.

* పూత: సెల్యులాయిడ్ పూత శిథిలమైతే ఘాటుగా కర్పూరం వాసన వస్తుంది, దగ్గరున్న లోహం తుప్పు పడుతుంది. అది తేలిగ్గా అంటుకునే పదార్థం కూడా. వేడికి, నిప్పుకు దూరంగా ఉంచాలి.

* మరకలు, గీతలు: పట్టించుకోనక్కర్లేదు. మెరుగు పెట్టించడం, రంగు వేయించడం మాత్రం వద్దు. విలువ పడిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉన్న పాత ల్యాప్ స్టీల్ ఇంటికొచ్చాక చేయాల్సింది ఒక్కటే. కొత్త తీగలు వేసి, మంచి బరువున్న ఉక్కు కడ్డీ ఒకటి కొనుక్కుని, రోజూ కాసేపు దాన్ని ఒళ్లోకి తీసుకోవాలి. దీన్ని పెట్టుబడిగా చూసి కొని దాచుకునేవాళ్లకు పెద్దగా మిగిలేదేమీ ఉండదు. విద్యార్థి రకాల ధరలు రాత్రికి రాత్రి ఆకాశానికి ఎగిరే సూచనలేవీ లేవు. కానీ ఆర్నెల్ల పాఠాల తర్వాత పెట్టెలో పడేసిన వాద్యాలే ఇవన్నీ. 1948లో క్లీవ్‌లాండ్‌లోనో షికాగోలోనో ఎవరో పిల్లవాడు మధ్యలో వదిలేసిన పాఠాన్ని విజయవాడలోనో వరంగల్‌లోనో ఒకరు మళ్లీ మొదలుపెడితే అంతకుమించి దానికి న్యాయం జరిగేదేముంటుంది?